పాతాళము ఎక్కడ ఉన్నది? 'పాతాళభైరవి'లోని మాంత్రికుని గుహపై ఒక వేదాంత విమర్శ

ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితము కృత్తివెన్ను మండలములోని ఒక పల్లె సంఘములో యోనా గ్రంథమును వరుసగా నాలుగు ఆదివారములు ధ్యానించాము. రెండవ అధ్యాయములో ప్రవక్త పాతాళములోనుండి మొఱ్ఱపెట్టిన సంగతిని వివరించి ఆరాధన ముగించిన తరువాత, ఒక వృద్ధ సహోదరి మమ్మును గుమ్మము దగ్గర ఆపి ఇలా అడిగింది: "అయ్యగారూ, పాతాళమంటే ఎస్వీ రంగారావు గుహ లాంటిదేనాండీ? చిన్నప్పుడు టూరింగు టాకీసులో చూశాను. మీరు ఆ మాట అన్నప్పటినుంచీ ఆ గుహే కళ్లముందు ఆడతా ఉంది. తరవాత మీరు చెప్పింది సగం వినపడలేదు."

పక్కనున్నవారు నవ్వారు. మేమును నవ్వాము. కాని ఆ ప్రశ్న నవ్వి విడిచిపెట్టదగినది కాదని ఇంటికి చేరులోగానే తెలిసింది. ఆమె అడిగినది సినిమాను గూర్చి కాదు. మనము వేదికమీద పలుకు మాట వినువారి మనస్సులో ఏ చిత్రమును లేపుచున్నదో ఆమె మనకు చెప్పింది. ప్రసంగీకుడు పాతాళము అన్నప్పుడు ఒక అర్థమును ఉద్దేశిస్తాడు. వినువారు అప్పటికే తమలో ఉన్న గుహలోనికి దిగిపోతారు. ఆ గుహ ఎటువంటిదో తెలియక మనము బోధించినయెడల ఆ బోధ ఎక్కడికి చేరునో మనకే తెలియదు.

కాబట్టి ఈ వ్యాసములో మూడు పనులు చేయ ప్రయత్నించెదము. మొదట, తెలుగువారి అద్భుత కథలలో దుష్టుని భూగర్భ స్థావరము ఎట్లు నిర్మింపబడినదో, ముఖ్యముగా 'పాతాళభైరవి' చిత్రమును ఆధారము చేసికొని పరిశీలించెదము. రెండవది, ఆ పాతాళమునకును మన బైబిలులోని పాతాళమునకును గల దూరమును కొలిచెదము. మూడవది, కథలోని గుహను తెచ్చి పల్లెలో నిలబెట్టినప్పుడు కలుగు అపాయమును గూర్చి సేవకులకు ఒక మనవి చేసెదము.

1. గుహలు లేని నేలవారు కట్టిన గుహ

'పాతాళభైరవి' 1951 మార్చి 15న విడుదలైనది. విజయా సంస్థ పక్షమున నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా కె.వి. రెడ్డి దర్శకత్వము వహించాడు. ఈ చిత్రములో పనిచేసినవారిని చూచినయెడల ఒక విశేషము కనబడుతుంది. కథను, మాటలను, పాటలను కూర్చిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగి అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో చదివినవాడు. సంగీతము కూర్చిన ఘంటసాల గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో జన్మించాడు. కథానాయకుడు తోటరాముడుగా నటించిన ఎన్.టి. రామారావు నిమ్మకూరులో 1923లో జన్మించాడు. నేపాళ మాంత్రికుడుగా నటించిన ఎస్.వి. రంగారావు 1918లో నూజివీడులో జన్మించాడు (ఆ పట్టణము 2022 నుండి ఏలూరు జిల్లాలో ఉన్నది). అనగా తెలుగువారికి పాతాళమును చూపించినవారిలో ముఖ్యులు కృష్ణా జిల్లా వారే.

కాని ఈ దిగువ డెల్టాలో గుహ ఎక్కడిది? కృత్తివెన్ను నుండి దివిసీమ వరకు ఈ నేల అంతయు నది తెచ్చి పోసిన ఒండ్రు. నాలుగు అడుగులు త్రవ్వితే నీరు ఊరుతుంది. సముద్రము దాపున ఆ నీరు ఉప్పన. చెరువుగట్టు తప్ప ఎత్తు లేదు. రాతి గుహ చూడవలెనంటే బెజవాడ వెళ్లి మొగల్రాజపురము కొండలనో, కృష్ణ దాటి ఉండవల్లినో చూడవలెను. అవియైనను భూతముల నివాసములు కావు; ఆరాధనకును ధ్యానమునకును భక్తులు తొలిచినవి. కాబట్టి మద్రాసు స్టూడియోలో కళాదర్శకులు గోఖలే, కళాధర్ కట్టిన ఆ గుహ మన ప్రేక్షకుడు తన ఊరిలో ఎన్నడును చూడనిది. చూడనిది గనుకనే అది మనస్సులో బలముగా నాటుకొన్నది. దానితో పోల్చి సరిచూచుకొనుటకు అతనియొద్ద వేరొక గుహ లేదు.

ఇదే సంస్థ యజమానులు 1947లో ప్రారంభించిన 'చందమామ' మాసపత్రిక ఈ ఊహను తరువాతి తరములలో పెంచినది. దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' వంటి ధారావాహికలు పల్లె పిల్లల చేతికి వచ్చాయి. నేడు మన సంఘములలో పెద్దలుగా ఉన్నవారిలో అనేకులు వాటిని చదివి పెరిగినవారే. వేదాంత కళాశాలకు వచ్చు విద్యార్థి ఖాళీ మనస్సుతో రాడు. ఈ దుర్గములన్నిటిని వెంటబెట్టుకొని వస్తాడు.

2. ఆ గుహ చేయు పని ఏమి?

ఉజ్జయినిలో తోటమాలి కుమారుడైన రాముడు రాకుమార్తెను ప్రేమిస్తాడు. తనతో సమానమైన సంపద తెమ్మని రాజు అడుగుతాడు. మాంత్రికునికి అదే సమయములో ఒక సాహసవంతుడైన యువకుడు కావలెను. ఆ యువకుని పాతాళభైరవికి బలి ఇచ్చినయెడల కోరిన కోరిక తీర్చు ప్రతిమ లభిస్తుంది. సంపద ఆశ చూపి అతడు రాముని గుహకు తీసికొనిపోతాడు. బలికి ముందు స్నానమునకు దిగినప్పుడు రాముడు ఒక మొసలిని చంపగా అది శాపము తీరిన స్త్రీగా మారి, మాంత్రికుని కుట్రను తెలియజేస్తుంది. అప్పుడు బలి ఇవ్వవచ్చినవాడే బలియగుచున్నాడు. ప్రతిమ రామునికి దక్కుతుంది.

ఇక్కడ మూడు సంగతులు గమనింపదగినవి.

మొదటిది, ఈ గుహ మాంత్రికునిది కాదు. అది దేవిది. అతడు అక్కడ ఒక బేరగాడు మాత్రమే. ఆంగ్ల సాహిత్యములో భూగర్భ స్థావరము తరచుగా దుష్ట జీవియొక్క సొంత ఇల్లు. 'బేవుల్ఫ్' కావ్యములో గ్రెండెల్ తల్లి మడుగు అడుగున నివసిస్తుంది. టోల్కీన్ 1937లో ప్రచురించిన 'ది హాబిట్'లో సర్పము కొండ లోపల బంగారముపై పండుకొని ఉంటుంది. ఆ కథలలో గుహను చూస్తే దాని యజమానుని స్వభావము తెలుస్తుంది. మన కథలో గుహను చూస్తే దానిలోనికి వచ్చువారి కోరిక తెలుస్తుంది. మాంత్రికుడును రాముడును ఇద్దరును ఆశతోనే వచ్చారు. ఒకడు సర్వశక్తిని కోరాడు, రెండవవాడు పెండ్లికి సరిపడు సంపదను కోరాడు. ఇద్దరి మధ్య తేడా కోరికలో లేదు. దానికి వెల ఎవరు చెల్లించవలెనన్న విషయములో ఉన్నది. పరుని రక్తముతో తన కోరిక కొనుక్కొనుటకు సిద్ధపడినవాడే ఈ కథలో దుష్టుడు. ఇది చిన్న సంగతి కాదు. బయలుదేవతను గూర్చియు మోలెకును గూర్చియు ప్రవక్తలు పలికిన మాటలలోని ముఖ్యాంశము ఇదే.

రెండవది, దుష్టుని బలము అతని లోపల ఉండదు. జానపద రామాయణ గాథలో మైరావణుడు రామలక్ష్మణులను పాతాళమునకు ఎత్తుకొనిపోయి కాళికి బలి ఇవ్వబోతాడు. అతని ప్రాణములు తుమ్మెదలలో దాగి ఉన్నవి. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణము ఏడు సముద్రముల అవతల చిలుకలో ఉన్నది. నేపాళ మాంత్రికుని శక్తి అతని గడ్డములో ఉన్నది. శిష్యుడు సదాజపుడు అతనిని తిరిగి బ్రదికించిన తరువాత, ప్రతిమను దొంగిలింపజేసి రాకుమార్తెను అపహరించినవాడు చివరకు ఓడిపోయినది ఖడ్గమువలన కాదు. రాముని స్నేహితుడు అంజి శిష్యుని వేషములో వచ్చి, రాకుమార్తె మెప్పుకొరకని నమ్మించి ఆ గడ్డము తీయించుటవలన ఓడిపోయాడు. న్యాయాధిపతుల గ్రంథము 16వ అధ్యాయము తెలిసిన మనకు ఇక్కడ సమ్సోను జ్ఞాపకమునకు రాక మానడు. అక్కడ తల వెండ్రుకలు పోగొట్టుకొన్నవాడు దేవునికి ప్రతిష్ఠింపబడినవాడు, ఇక్కడ దుష్టుడు. అయినను రెండు కథలును ఒక సత్యమును చెప్పుచున్నవి: తనది కాని బలమును తనదని నమ్మినవాడు మోహము ఎదుట దానిని కాపాడుకొనలేడు.

మూడవది, ఇదియే మా విమర్శలో ముఖ్యమైనది: గుహ పడిపోలేదు. మొదటి బలిలో మారినది బలిపశువు మాత్రమే. యువకునికి బదులు వృద్ధుడు చచ్చాడు. దేవి రక్తమును స్వీకరించినది, ప్రతిమను ఇచ్చినది, వ్యవస్థ యథాతథముగా ఉన్నది. మాంత్రికుడు చెడ్డవాడు గనుక ప్రేక్షకుడు సంతోషిస్తాడు. కాని అదే కత్తి, అదే పీఠము, అదే ఫలితము. కథయే తన మీద తాను తీర్పు చెప్పుకొన్నదని మాకు తోచుచున్నది. ఒకరిని చంపి సంపాదించిన ప్రతిమ రాముని యొద్ద నిలువలేదు. చచ్చినవాడు లేచాడు, ఇల్లు మాయమైనది, ప్రియురాలు పోయినది. తుదకు విడుదల తెచ్చినది బలి కాదు. ప్రాణమునకు తెగించి శత్రువు ఇంటిలోనికి వెళ్లిన ఒక పేద స్నేహితుని నమ్మకత్వము. పింగళివారు దీనిని వేదాంతముగా ఉద్దేశించెనని మేము చెప్పము. హాస్యముగా వ్రాసిన భాగములోనే కథయొక్క నిజమైన మేలు దాగియున్నదని మాత్రము చెప్పుదుము.

3. పాతాళము అను మాట

ఇప్పుడు ఆ సహోదరి ప్రశ్నకు వత్తము. తెలుగు బైబిలులో పాత నిబంధనయొక్క 'షెయోల్' అను హెబ్రీ మాటకును, క్రొత్త నిబంధనయొక్క 'హేడెస్' అను గ్రీకు మాటకును పాతాళము అను మాట వాడబడినది. 'గెహెన్నా'కు నరకము అను మాట ఉన్నది. అనువాదకులు ఈ భేదమును పాటించుట మెచ్చదగినది. అయితే వారు ఎన్నుకొన్న మాట అప్పటికే ఒక ఇల్లు కలిగియున్నది.

పురాణములలో అతల, వితల, సుతల, రసాతల, తలాతల, మహాతల, పాతాళములని ఏడు అధోలోకములు చెప్పబడినవి. అవి చీకటి కొట్లు కావు. విష్ణుపురాణములో నారదుడు పాతాళమును దర్శించి వచ్చి అది ఇంద్రుని స్వర్గము కంటె రమ్యమైనదని వర్ణిస్తాడు. అక్కడ మణుల వెలుగు, నాగుల వైభవము, ఉద్యానములు ఉన్నవి. బలి చక్రవర్తి సుతలములో శిక్షింపబడినవాడుగా కాక గౌరవింపబడినవాడుగా ఉన్నాడు. పాపులు బాధపడు నరకములు వేరు. కాబట్టి సంప్రదాయము తెలిసిన తెలుగువానికి పాతాళము అనగా నిధులుండు చోటు. చిత్రములో ప్రతిమ అక్కడ దొరకుట యాదృచ్ఛికము కాదు.

హెబ్రీయుల షెయోల్ దీనికి పూర్తిగా భిన్నమైనది. యోబు 10:21, 22 దానిని అంధకారముగా వర్ణించుచున్నది. ప్రసంగి 9:10 ప్రకారము అక్కడ పని లేదు, ఉపాయము లేదు, జ్ఞానము లేదు. యోబు 3:17-19 ప్రకారము అక్కడ అల్పులును ఘనులును ఒక్కటే. దాసుడు యజమానుని చేతినుండి విడువబడుచున్నాడు. అక్కడ నిధి లేదు, రాజ్యము లేదు, బేరమాడుటకు దేవత లేదు. షెయోల్ దుష్టునికి కోట కాదు. యెషయా 14వ అధ్యాయములో బబులోను రాజు అక్కడికి దిగినప్పుడు అతనికి సింహాసనము దొరకలేదు. పురుగులు పరుపుగా దొరికినవి.

ఇంకొక భేదమున్నది. కీర్తన 139:8 ప్రకారము ఒకడు పాతాళమందు పండుకొనినను దేవుడు అక్కడ ఉన్నాడు. ఇది మన ప్రసంగములలో ఎక్కువగా మరువబడు వచనము. పాతాళమును సాతాను యొక్క సొంత జాగీరుగా వర్ణించు వాడుక వాక్యములోనుండి వచ్చినది కాదని, ఎక్కువ భాగము గుహ చిత్రములలోనుండి వచ్చినదని మా అభిప్రాయము. ప్రకటన గ్రంథములోని అగాధము, లూకా 16లోని ధనవంతుడు వేదనపడు స్థలము, షెయోల్, గెహెన్నా అను వీటినన్నిటిని కలిపి ఒక్క గుహగా చేసి దానిలో రంగారావుగారిని కూర్చుండబెట్టినయెడల, శ్రోతకు భయము కలుగును గాని వాక్యార్థము కలుగదు.

4. నీటిలోని పాతాళము

మరి దిగువ కృష్ణా ప్రజలకు పాతాళమును ఎట్లు బోధింపవలెను? దీనికి జవాబు యోనా రెండవ అధ్యాయములోనే ఉన్నది. అక్కడ గుహ లేదు, రాతి మెట్లు లేవు. సముద్ర గర్భము, చుట్టుకొను ప్రవాహములు, తలకు చుట్టుకొను నాచు ఉన్నవి. కీర్తన 69లో ప్రార్థించువాడు నిలుక యియ్యని ఊబిలో దిగిపోవుచున్నాడు. కీర్తన 88లో దేవుని తరంగములే అతనిని ముంచుచున్నవి. హెబ్రీ కవులకు పాతాళము అనేక పర్యాయములు నీటి అడుగున ఉన్నది.

ఇది గుహ ఎరుగని డెల్టాకు పరాయి మాట కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించారు. 1841లో అక్కడికి వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల ఉన్న పట్టణమే అది. నోబుల్ ఆ ఉప్పెనను చూచి మరుసటి సంవత్సరము మృతిపొందాడు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు. ఆ రాత్రిని జ్ఞాపకముంచుకొన్నవారు ఇంకను మన సంఘములలో ఉన్నారు. ఉప్పుటేరు ఒడ్డునను, రొయ్యల చెరువుల నడుమను బ్రదుకువారికి మృత్యువు మట్టి క్రిందనుండి రాదు, తూర్పునుండి నీరై వస్తుంది.

కాబట్టి మనము పాతాళమును గుహగా బోధించినప్పుడు, వారికి నిజముగా తెలిసిన భయమును ప్రక్కకు నెట్టి, సినిమాలో చూచిన భయమును ముందు పెట్టుచున్నాము. మొదటిది వారి బంధువులను తీసికొనిపోయిన భయము. రెండవది టిక్కెట్టు కొని చూచిన భయము. మొదటిదానిని ముట్టుకొనుటకు మనకే ధైర్యము చాలక రెండవదానిని ఆశ్రయించుచున్నామేమో అని మమ్మును మేమే ప్రశ్నించుకొన్నాము. ఉప్పెనలో పోయినవారు ఎక్కడ ఉన్నారని అడుగు తల్లికి గుహ చిత్రము ఏ ఆదరణయు ఇయ్యదు. ఆ నీటి అడుగున కూడ దేవుడు ఉన్నాడని చెప్పు కీర్తన 139 ఇస్తుంది. ప్రకటన 21:1లో సముద్రము ఇక లేదను మాటకు అర్థము ఏమిటో ఒడ్డున నివసించువారు చదువరులకంటె త్వరగా గ్రహిస్తారు.

5. బలవంతుని ఇల్లు

ఇట్లు చెప్పినందున దుష్టుని స్థావరమను ఊహ పనికిరానిదని మా భావము కాదు. ప్రభువే దానిని వాడాడు. మార్కు 3:27లో బలవంతుని మొదట బంధించి అతని ఇల్లు దోచుకొనువానిని గూర్చిన ఉపమానమున్నది. 1 పేతురు 3:19ను, ఎఫెసీ 4:9ను ఆధారము చేసికొని ఆది సంఘము క్రీస్తు మృతుల లోకమునకు దిగెనని ఒప్పుకొన్నది. ప్రకటన 1:18లో పాతాళము యొక్క తాళపుచెవులు ఆయన చేతిలో ఉన్నవి. 1931లో గుస్తాఫ్ ఔలెన్ వ్రాసిన 'క్రిస్టుస్ విక్టర్' ఈ విజయమును ఇరువదవ శతాబ్దపు పాఠకులకు మరల జ్ఞాపకము చేసినది.

నాలుగవ శతాబ్దములో నిస్సా గ్రెగొరీ ఈ విజయమును వివరించుటకు గాలమును ఎరను ఉపమానముగా తీసికొన్నాడు. క్రీస్తు మానవత్వమును ఎరగా మ్రింగిన శత్రువు దానిలో దాగిన దైవత్వము అను గాలమునకు చిక్కుకొన్నాడని అతడు వ్రాసెను. మన తీరపు సంఘములలో ఈ ఉపమానము వెంటనే అర్థమవుతుంది. అయితే ఇది రాముడు మాంత్రికుని మోసమునకు మోసము చేసిన కథకు ఎంత దగ్గరగా ఉన్నదో చూడుడి. ఆది సంఘములోనే దీనికి అభ్యంతరము వచ్చినది. విమోచన క్రయధనమును సాతానుకు చెల్లించుట ఏమిటని నజియాంజు గ్రెగొరీ ప్రశ్నించాడు. సాతానుకు మానవునిపై అట్టి హక్కు ఏదియు లేదని 1098లో ముగించిన తన గ్రంథములో అన్సెల్ము వాదించాడు. గెలుపు ముఖ్యమే, కాని ఏ విధముగా గెలిచాడన్నది అంతకంటె ముఖ్యమని ఈ చర్చ మనకు నేర్పుచున్నది.

తోటరాముడు గుహలోనికి వెళ్లి మరియొకనిని బలి ఇచ్చి బయటికి వచ్చాడు. హెబ్రీ 9:12 ప్రకారము క్రీస్తు తన స్వరక్తముతో ప్రవేశించాడు. రాముడు బలిపశువును మార్చాడు. క్రీస్తు బలి అను వ్యవస్థనే ఒక్కసారిగా ముగించాడు. రాముని వెనుక గుహ మిగిలి ఉన్నది. మరియొక మాంత్రికుడు మరియొక యువకుని తీసికొని రావచ్చును. క్రీస్తు వెనుక సమాధి ఖాళీగా ఉన్నది. సినిమాను నిందింపకుండ, దానిని ఎరిగిన శ్రోతకు సువార్తను వివరించుటకు ఇంతకంటె స్పష్టమైన పోలిక మాకు దొరకలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. చిత్రములోని దేవి ఒక వినోద కథకు కావలసిన పాత్ర. ఆ పాత్రను చూపి మన పొరుగువారి భక్తి అంతయు రక్తము కోరునదని ప్రసంగించుట సత్యము కాదు. అమ్మవారిని కొలుచు అనేకులు ఆ మాంత్రికుని పూజను మనవలెనే అసహ్యించుకొంటారు. పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకరాదను ఆజ్ఞ ప్రసంగ వేదికకు కూడ వర్తిస్తుంది.

6. గుహలో నివసించువాడు ఎల్లప్పుడు పరాయివాడే

మన కథల గుహలలో ఎవరు నివసించుచున్నారో ఒకసారి లెక్కించెదము. ఒకడు నేపాళ మాంత్రికుడు. మరియొకడు మాయల మరాఠీ. కొందరు చెప్పు కథలో వాడే మాయల ఫకీరు. ఒకడు ఉత్తరపు కొండలవాడు, ఒకడు పొరుగు దేశపువాడు, ఒకడు వేరే మతమువాడు. మన ఊరివాడు, మన కులమువాడు, మన భాషవాడు గుహలో ఉండడు. భయమునకు రూపము కావలసినప్పుడు మన ఊహ పరాయివానినే పిలుచుకొన్నది. ఈ కథలను ఇష్టపడి చెప్పుకొన్నవారికి ద్వేష ఉద్దేశము ఉండకపోవచ్చును. అయినను లోపము లోపమే. మంచి సమరయుని ఉపమానమును బోధించు సంఘము దీనిని గుర్తించకుండ దాటిపోరాదు.

ఈ లోపము కథలో ఉన్నంతవరకు వినోదము. పల్లెలోనికి వచ్చినప్పుడు ప్రాణాపాయము. చేతబడి చేయుచున్నారను అనుమానముతో మనుష్యులను కొట్టి చంపిన సంఘటనలు మన రెండు తెలుగు రాష్ట్రములలోను జరిగాయి. చంపబడినవారిలో ఎక్కువగా వృద్ధులు, ఒంటరివారు, బీదలు ఉండుట మనము ఎరుగుదుము. జ్వరము వచ్చిన పిల్లవాని ఇంటివారు పాస్టరుగారి యొద్దకు వచ్చి, "ఎవరో చేయించారండీ" అన్నప్పుడు మనము ఏమి చెప్పుచున్నాము? ఎవరు చేయించారో ప్రార్థనలో తెలిసిందని ఒక దిక్కు చూపించినయెడల, ఆ దిక్కున ఉన్న ఇల్లు ఆ క్షణమునే మాంత్రికుని గుహ అయిపోవుచున్నది. ఆ ఇంటిలో గడ్డపు మాంత్రికుడు ఉండడు. పింఛను మీద బ్రదుకు ఒక విధవరాలు ఉండవచ్చును.

నిర్గమకాండము 22:18ని చూపి వాదించువారు ఉన్నారు. వారు అపొస్తలుల కార్యములను కూడ చదువవలెను. 8వ అధ్యాయములో గారడీవాడైన సీమోనును పేతురు కఠినముగా గద్దించి, మారుమనస్సు పొందుమని పిలిచాడు. జనులను అతనిపై రేపలేదు. 19:19లో ఎఫెసులో కాల్చబడినవి పుస్తకములు, మనుష్యులు కారు. వాటిని తెచ్చినవారు కూడ వాటి యజమానులే. 50,000 వెండి రూకల నష్టమును వారు తమమీదనే వేసికొన్నారు. క్రొత్త నిబంధన సంఘము మాంత్రికుని ఇంటిని వెదకుచు వెళ్లలేదు. తన సొంత ఇల్లు వెదకుకొన్నది.

సి.ఎస్. లూయిస్ 1953లో వ్రాసిన 'ది సిల్వర్ చెయిర్' అను పిల్లల నవలలో భూగర్భ రాజ్యపు రాణి తన చెరలోనివారిని కత్తితో బెదిరింపదు. పైన సూర్యుడు అనునది లేనే లేదని మెల్లగా నమ్మింపజూచుచున్నది. సేవకులకు ఈ చిత్రము ఎక్కువ ఉపయోగకరము. భయముతో నిండిన బోధ చేయునది కూడ ఇదే. గుహను ఎంత వివరముగా వర్ణించుదుమో, వెలుగు ఉన్నదను సంగతి అంతగా మరుగున పడుతుంది.

ముగింపు

'పాతాళభైరవి' మంచి చిత్రము. డెబ్బది సంవత్సరములు దాటినను మన పల్లెలలో పెద్దవారు చిన్నవారిని సరదాకు డింభకా అని పిలుచుటయే దాని బలమునకు సాక్ష్యము. దానిని చూడవద్దని సంఘమునకు చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయలేదు. దానిలోని గుహను దానిలోనే ఉండనిచ్చి, అది చెప్పు సత్యమును గ్రహించి, అది చెప్పలేని సత్యమును వాక్యములోనుండి చెప్పవలెనని మా మనవి. వేదాంత విద్యార్థులు పాతాళమును గూర్చి ప్రసంగము సిద్ధపరచునప్పుడు హెబ్రీ నిఘంటువుతోపాటు తమ శ్రోతల జ్ఞాపకములను కూడ విప్పి చూడవలెను. రెండవ పుస్తకము మొదటిదానికంటె కష్టమైనది. అది ఇంటింటికి వెళ్లి చదువవలసినది.

ఆ సహోదరి దగ్గరకు మరుసటి వారము వెళ్లాము. పాతాళము రంగారావుగారి గుహ కాదని, యోనా చెప్పినది నీటి అడుగును గూర్చి అని వివరించాము. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అట్లయితే నాకు తెలుసండీ" అన్నది. 1977లో దివిసీమలో ఉన్న తన అక్క కుటుంబములో ముగ్గురు తిరిగి రాలేదని అప్పుడు చెప్పింది. అన్ని సంవత్సరములుగా ఆ సంఘములో ఆరాధించుచున్న ఆమెను ఆ సంగతి ఎవరును అడుగలేదు. మేమును అడుగలేదు. కీర్తన 139 తీసి ఆమె ఎదుట చదివాము. ఆ దినమున మేము చేసిన వ్యాఖ్యానము అంతే.